గోదావరి స్టేషన్ పాట

ఒరేయ్ చిన్నా,

నీ ఉత్తరమొచ్చి మూడు నెలలైంది, కోప్పడకు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, చెల్లి పెళ్లి మాఘంలో, నా ఉద్యోగం ఎప్పటిలాగే ఉంది. మిగతావి కలిసినప్పుడు. ఇది మాత్రం ఇప్పుడే చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

హాస్టల్ మేడ మీద నువ్వు ఎప్పుడూ కూనిరాగం తీసేవాడివి, మనం 'గోదావరి స్టేషన్ పాట' అని పేరు పెట్టుకున్నాం, గుర్తుందా? దాని వీడియో మొన్న రాత్రి మొదటిసారి చూశాను. బ్రిటన్ బ్యాండు బ్రాన్‌స్కీ బీట్ వాళ్ల 'స్మాల్‌టౌన్ బాయ్', 1984. ఇన్నేళ్లూ పైకి లేచే ఆ సన్నటి గొంతే విన్నాను గానీ మాటలు వినలేదురా.

ఈత కొలను దగ్గర ఒక కుర్రాడు ఇంకో కుర్రాణ్ణి చూస్తుంటాడు. తర్వాత గుంపొచ్చి వీణ్ణి కొడుతుంది. పోలీసులు ఇంటికి తీసుకొస్తారు, అమ్మానాన్నలకు సంగతి తెలిసిపోతుంది. వీడు ఊరొదిలి వెళ్తుంటే నాన్న డబ్బిస్తాడు. వీడు చెయ్యి చాస్తాడు. ఆయన ఆ చెయ్యి పట్టుకోడు. అక్కడ ఆపేశాను. వెనక్కి తిప్పి నాలుగుసార్లు చూశాను. డబ్బు ఇవ్వగలిగిన మనిషి...

ఆ కుర్రాడిగా కనిపించేది పాడినవాడే, జిమ్మీ సోమర్‌విల్, గ్లాస్గోవాడు. బ్యాండులో ముగ్గురూ గేలే, ఆ మాట ఎక్కడా దాచలేదు. ఆ ఏడాదే వచ్చిన మొదటి ఆల్బమ్‌కి 'ది ఏజ్ ఆఫ్ కన్సెంట్' అని పేరు పెట్టి, ఇద్దరు మగవాళ్ల కలయికకు ఏ దేశపు చట్టం ఎంత వయసు పెట్టిందో కవరు లోపల అచ్చేశారు. అప్పుడు బ్రిటన్‌లో 21. ఆడామగా అయితే 16 చాలు! పాటల కవరు మీద చట్టం లెక్కలురా, ఎంత గుండె ఉండాలి! జార్జ్ మైకేల్ అంతటి పేరున్న పాటగాడు తాను గే అన్న మాట బయటికి చెప్పేసరికి 1998 వచ్చింది. ఆయన్ని తప్పుపట్టను. ఎంత భయం ఉండేదో అని.

ఇంకోటి. 1984 డిసెంబర్‌లో, బ్రిటన్‌లో గని కార్మికుల సమ్మె నడుస్తుంటే, వాళ్లకోసం చందా పోగెయ్యడానికి లండన్ క్యామ్డెన్‌లో వీళ్లు పాడారు. కచేరీ పేరు 'పిట్స్ అండ్ పర్వర్ట్స్', అంటే 'గనులూ, వక్రబుద్ధివాళ్లూ'. గేలను జనం తిట్టే మాటనే పేరుగా పెట్టుకున్నారు. మరుసటి ఏడాది లండన్‌లో గేలు, లెస్బియన్లు జరుపుకునే ప్రైడ్ ఊరేగింపులో సౌత్ వేల్స్ గని కార్మికులు తమ జెండాతో ముందు నడిచారు. ఇది చదివి ఏడ్చాను, నిజంగా.

చిన్నా, ఆ రాత్రి ట్యాంకు పక్కన నువ్వు నాకు చెప్పినప్పుడు నేనేం మాట్లాడలేదు. "పద, మెస్ మూసేస్తారు" అన్నాను. నువ్వూ లేచి వచ్చేశావు, మళ్లీ ఆ ఊసే ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆ పాట నువ్వు ఎందుకు పాడేవాడివో ఇప్పుడు... నీ చెయ్యి అప్పుడే పట్టుకోవాల్సిందిరా. సంక్రాంతికి రా. స్టేషన్‌కి నేనే వస్తాను, మన మూడో బెంచీ దగ్గరే ఉంటాను. మీ నాన్నగారితో మాట్లాడమంటే మాట్లాడతాను, వద్దంటే

పోస్టు తీసే టైమైపోయింది, పరుగెత్తాలి.

నీ
బుజ్జి