తోటకు నీళ్ల పొదుపు ఎండాకాలం ముచ్చటేనా?

సంపాదకులు గారికి నమస్కారం.

ఏటా ఎండలు ముదిరి, ట్యాంకులు అడుగంటాక పత్రికల్లో ‘నీళ్లు జాగ్రత్త’ అంటూ వ్యాసాలు మొదలవుతాయి. మంచివే, శ్రద్ధగానే చదువుతాం. కానీ అది చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, ఎందుకంటే తోటలో పారబోయాల్సినవన్నీ అప్పటికే పారబోసి ఉంటాం. నన్నడిగితే ఇంటి తోటల్లో నీళ్లు దండగయ్యేది మండుటెండల్లో కంటే వానలు వెలిశాక, చలి మొదలయ్యాకే ఎక్కువ. వేసవిలో మొక్క నిజంగానే తాగుతుంది. ఎండ తగ్గి పగలు కురచయ్యేసరికి ఆకుల నుంచి, మట్టి నుంచి ఆవిరయ్యే నీళ్లు బాగా తగ్గిపోతాయి, మన చెయ్యి మాత్రం అదే టైముకు కుళాయి తిప్పి అంతసేపూ పైపు పట్టుకుంటుంది. టైమర్ పెట్టుకున్నవాళ్ల సంగతి ఇంకా ఘోరం. వేసవిలో చేసిన సెట్టింగ్‌ను మళ్లీ వేసవి దాకా ఎవరూ ముట్టుకోరు, జోరున వాన కురుస్తుంటే ఆ వానలోనే స్ప్రింక్లర్ తన పని తాను చేసుకుపోతుంటుంది.

లాన్ ఉన్నవాళ్లకు చలికాలంలో ఇంకో టెన్షన్. వేడిని ఇష్టపడే గడ్డి రకాలు చాలావరకు చలికి ఎదుగుదల ఆపేసి గోధుమరంగుకు తిరుగుతాయి. అది చావు కాదు, నిద్ర. ఇది తెలియక గడ్డి ఎండిపోయిందని కంగారుపడి రోజూ తడిపేస్తుంటారు. నిద్రపోతున్న గడ్డికి అప్పుడప్పుడూ ఒక తడి ఇస్తే చాలు, ఎన్ని నీళ్లు పోసినా వేడి తిరిగి వచ్చేదాకా పచ్చబడదు.

అసలు మనం ఎన్ని నీళ్లు పోస్తున్నామో మనకే తెలియదు. ఒకసారి పైపును బకెట్‌లో పెట్టి అది నిండటానికి ఎంతసేపు పడుతుందో చూడండి. నిమిషానికి 15 లీటర్లు వస్తుంటే, ఫోన్ మాట్లాడుతూ అరగంట పట్టుకున్న పైపు 450 లీటర్లు పోసినట్టు. అందులో మొక్కకు అందింది ఎంత, దారి పట్టింది ఎంత అనేది చూస్తే బాధేస్తుంది.

ఇక రోజూ కాస్త కాస్త చిలకరించే అలవాటు. పైపైన తడిస్తే వేళ్లు కూడా పైపైనే తిరుగుతాయి, లోపలికి దిగాల్సిన అవసరం వాటికి ఉండదు. అలాంటి మొక్క రెండు రోజులు నీళ్లు లేకపోతే వాలిపోతుంది, అది చూసి మనం ఇంకా ఎక్కువసార్లు పోస్తాం. దీనికి బదులు తడి 15 సెంటీమీటర్ల లోతుకు దిగేలా నిదానంగా పెట్టి, మళ్లీ పైమట్టి ఆరేదాకా ఆగితే వేళ్లు తేమ వెతుక్కుంటూ కిందికి వెళ్తాయి. ఎంత లోతు తడిసిందో తెలుసుకోవడానికి పొడవాటి స్క్రూడ్రైవర్ ఒకటి చాలు, తడి మట్టిలోకి సులువుగా దిగి పొడిమట్టి తగలగానే మొరాయిస్తుంది. కుండీలకు అదీ అక్కర్లేదు, వేలు రెండో కణుపు దాకా గుచ్చి చూస్తే పైన పెచ్చులా ఎండిన మట్టి కింద తేమ అలాగే ఉండటం తెలుస్తుంది. బంకమట్టి అయితే నీళ్లు ఒక్కసారిగా ఇంకవు, పది నిమిషాలు పెట్టి ఆపి, ఇంకాక మళ్లీ పెట్టాలి. ఇసుక నేల దీనికి పూర్తిగా వ్యతిరేకం, అక్కడ కొద్దికొద్దిగా తరచూ ఇవ్వక తప్పదు. కొత్తగా నాటిన మొక్కలు, నారు ఈ లెక్కలోకి రావు, వేళ్లు కుదురుకునేదాకా వాటిని కనిపెట్టుకుని ఉండాల్సిందే.

మిట్టమధ్యాహ్నం ఆకులు వాలగానే పైపు అందుకునేవాళ్లకు ఒక మాట. ఆ వేడికి వేళ్లు అందించే దానికంటే ఆకులు వదిలేదే ఎక్కువ కాబట్టి మట్టిలో తేమ ఉన్నా మొక్క తల వాలుస్తుంది, సాయంత్రానికి మళ్లీ నిలబడుతుంది. తెల్లారేసరికి కూడా వాలే ఉంటే అప్పుడు ఆలోచించాలి, అదీ మట్టి చూశాకే, నీళ్లెక్కువై వేరుకుళ్లు వచ్చినా మొక్క అచ్చం అలాగే వాలుతుంది! నీళ్లు పెట్టడానికి తెల్లవారుజాము మేలు. రాత్రి పూట ఆకులు తడిపి వదిలేస్తే బూజు తెగుళ్లకు పిలుపే.

పెద్ద చెట్లకు కాండం మొదలు దగ్గర పోసే నీళ్లు సగం వృథా. నీళ్లు పీల్చే సన్నవేళ్లు కొమ్మల చివర్ల కింద దాకా, ఇంకా అవతలికీ పాకి ఉంటాయి, పాదు అక్కడికి జరపాలి. పాదులో ఎండుటాకులో గడ్డో 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన పరిస్తే (కాండానికి తగలకుండా) ఆవిరి తగ్గుతుంది, కలుపు కూడా లేవదు. విచిత్రం ఏంటంటే ఆ ఆకుల్నే మనం ఊడ్చి తగలబెట్టి, తర్వాత ఎండిన నేలకు నీళ్లు పోస్తాం. లాన్ గడ్డి కోసేటప్పుడు కూడా ఒక్కసారికి మూడో వంతుకు మించి కోయకుండా, కోసిన ముక్కల్ని అక్కడే వదిలేయొచ్చు. అసలు ఎవరూ నడవని, పిల్లలు ఆడని చోట లాన్ దేనికో నాకు అర్థం కాదు, చూపు కోసమే అయితే తక్కువ నీళ్లతో బతికే పొదలు చాలా ఉన్నాయి.

డ్రిప్ వేయించాం కాబట్టి పొదుపు చేసేసినట్టే అనుకోవడం మరో భ్రమ. గంటకు 4 లీటర్లు వదిలే డ్రిప్పర్‌ను రాత్రంతా మర్చిపోతే 10 గంటల్లో 40 లీటర్లు. ఫిల్టర్ కడగకపోతే సగం డ్రిప్పర్లు మూసుకుపోతాయి, ఆ మొక్కలు వాడుతున్నాయని మొత్తం లైను ఇంకో గంట నడిపిస్తాం.

వాననీళ్ల సంగతి చెప్పకుండా ఉండలేను. 100 చదరపు మీటర్ల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 1,000 లీటర్లు. కొంత పోయినా మిగిలేది తక్కువేం కాదు, గొట్టం కింద మూత ఉన్న డ్రమ్ము పెడితే (మూత లేకపోతే దోమలు) తర్వాతి పొడి రోజులు గడుస్తాయి. ఏసీ నుంచి కారే నీళ్లు మొక్కలకు పనికొస్తాయి, సబ్బునీళ్లు, ఆర్‌ఓ వదిలేసే నీళ్లు మాత్రం ఒకే కుండీలో అదేపనిగా పోస్తే మట్టిలో ఉప్పు పేరుకుంటుంది.

ఇంతకీ మీకు ఒక విన్నపం. వాతావరణం వార్తల్లో ఎక్కడ ఎన్ని మిల్లీమీటర్ల వాన పడిందో వేస్తుంటారు. చాలామందికి అది ఉత్త అంకె. ‘1 మిల్లీమీటరు అంటే చదరపు మీటరుకు 1 లీటరు’ అని దాని కిందే చిన్న అక్షరాల్లో ఒక్క లైను వేయండి. 20 మిల్లీమీటర్లు పడిందని చదివిన మనిషి తన 50 చదరపు మీటర్ల తోట మీద 1,000 లీటర్లు కురిశాయని లెక్కేసుకుని, కనీసం ఆ నాలుగు రోజులైనా టైమర్ ఆపుతాడు. ఆ లైను వానాకాలంతో ఆపేయకుండా ఏడాది పొడవునా ఉంచండి.

ఇట్లు,
మీ పాఠకురాలు