శాలువాలు సరే, నాటకం ఎలా ఆడారు?

సంపాదకులకు నమస్కారం.

మీ పేపరు జిల్లా ఎడిషన్లో ఒకప్పుడు 'నగరంలో నేడు' అని చిన్న బాక్సు వచ్చేది. లోపలి పేజీలో, ఓ మూల, అరచెయ్యంత కూడా ఉండేది కాదు. ఏ హాల్లో ఏం జరుగుతోంది, ఎన్ని గంటలకి, అంతే. ఈమధ్య అది కనిపించడం మానేసింది. చోటు చాలక తీసేశారో, ఎవరూ చూడట్లేదనుకున్నారో తెలీదు గానీ, చూసేవాళ్లం ఉన్నామండీ. అది మళ్లీ వెయ్యమని అడగడానికే ఈ ఉత్తరం. దాంతోపాటు ఇంకోటి కూడా అడగాలి, అది కాస్త ఘాటుగా ఉంటుంది, ఏమీ అనుకోకండి.

మేమేమీ కళాసంఘం కాదు. బ్యానరు లేదు, అధ్యక్షుడు లేడు, చందాలు అసలే లేవు. విజయవాడ గాంధీనగర్లో నాకు మందుల షాపుంది, పక్కనే టీకొట్టు. సాయంత్రం ఏడు దాటాక ఒక్కొక్కరే అక్కడికి చేరతారు. రిటైరైన లెక్కల మాస్టారు ఒకరు, కరెంటాఫీసులో ఉద్యోగం చేస్తూ మృదంగం వాయించే ఆయన ఒకరు, కాలేజీలో తెలుగు చెప్పే మేడంగారు, ఇంట్లో కూర్చుని సాఫ్ట్‌వేర్ పని చేసుకునే ఓ కుర్రాడు. రాజకీయాలు మాట్లాడుకోమని కాదు, మాట్లాడుకుంటాం, కానీ పది నిమిషాలకే మొహం మొత్తుతుంది. నాటకం మీదకో పాట మీదకో పుస్తకం మీదకో మళ్లిందంటే మాత్రం కొట్టాయన షట్టరు సగం దించి దగ్గేదాకా ఎవరూ లేవరు.

మచ్చుకి ఒక రోజు గొడవ చెప్తాను. మొన్నామధ్య ఓ సభలో కృష్ణుడు కౌరవుల దగ్గరికి సంధికెళ్లే రాయబారం సీను వేస్తే చూసొచ్చాం. కృష్ణుడు వేసినాయన గొంతు బాగుంది, కాస్త ఎక్కువే బాగుంది, అదే తంటా అయింది. పద్యం చివరికొచ్చి రాగం అందుకున్నాడంటే ఇక దిగడు. హార్మోనియం ఆయన ఆయన్ని పట్టుకోడానికి పైకి పైకి వెళ్తుంటాడు, కర్ణుడు కిరీటం సర్దుకుంటాడు, దుర్యోధనుడు మీసం మీద చెయ్యేసినవాడు ఎంతసేపని అలా ఉంచుతాడు, దించేసి అంగవస్త్రం చూసుకుంటాడు, కృష్ణుడు ఇంకా రాగంలోనే ఉన్నాడు. ముందు వరసలో పెద్దాళ్లు "వన్స్ మోర్" అని కేక వేశారు. ఆయనకీ అదే కావాలి, మళ్లీ మొదట్నుంచీ అందుకున్నాడు.

బయటికి రాగానే మాస్టారు మొదలుపెట్టారు. "సంధికొచ్చినవాడు ఇంతసేపు రాగం తీస్తే అవతలివాడు యుద్ధానికి దిగక ఏం చేస్తాడయ్యా" అని. మృదంగం ఆయనకి మండింది. "మాస్టారూ, మాట అర్థం కావాలంటే ఆ పద్యాలు రాసిన తిరుపతి వెంకటకవుల పుస్తకం మీ బీరువాలోనే ఉంది కదండీ, జనం ఇంత దూరం వచ్చింది గొంతు వినడానికి" అన్నాడు. కృష్ణుడి వేషానికి పేరుపడ్డ పాతనటుల్లో పీసపాటి నరసింహమూర్తిగారు పద్యాన్ని మాట్లాడుతున్నట్టు విడగొట్టి చెప్పేవారని మాస్టారు, షణ్ముఖి ఆంజనేయరాజుగారి గొంతు విన్నవాళ్లెవరూ ఆ మాట అనరని ఈయన. మేడంగారు మధ్యలో దిగి, ఈ తగువు ఇవాళ్టిది కాదు, పద్యాలూ పాటలూ నటనని మింగేస్తున్నాయని నటుడు బళ్లారి రాఘవ ఎప్పుడో మొత్తుకున్నాడు, ఆయన పోయిందే 1946లో, మీరింకా అక్కడే ఉన్నారు అని ఇద్దర్నీ కలిపి వాయించారు. కుర్రాడు ఫోన్ తీసి యూట్యూబ్లో పాత రికార్డులు వెతికి పెట్టాడు. టీ గ్లాసులు పక్కకి జరిపి ఫోన్ బల్ల మీద పెట్టుకుని, రోడ్డు మీద ఆటోల రొదలో చెవులు రిక్కించి విన్నాం. తగువు తేలలేదు. తేలకూడదు కూడా అనుకోండి, తేలితే మర్నాడు ఏం మాట్లాడుకుంటాం?

సరే, మర్నాడు పొద్దున మీ పేపరు చూశాను. ఫోటో ఉంది. ఫోటోలో శాలువాలు, జ్ఞాపికలు, మైకు ముందు ముఖ్య అతిథి. కింద వేదిక మీద కూర్చున్న ప్రతి ఒక్కరి పేరూ, పేరు ముందు హోదా, హోదా ముందు మాజీ. చివర్లో ఒక్క వాక్యం, "అనంతరం ప్రదర్శించిన పౌరాణిక నాటకం ప్రేక్షకులను విశేషంగా అలరించింది." కృష్ణుడెవరో లేదు. హార్మోనియం ఎవరో లేదు. అంతసేపు మేం కొట్టుకున్న మనిషి పేరు మా ఐదుగురిలో ఒక్కరికీ తెలీదు, మీ పేపర్లో చూద్దాంలే అనుకున్నాం, అక్కడా లేకపోయె. అసలు ఆ రోజు ఆయన వల్లే కదండీ హాలు నిండింది, ముఖ్య అతిథి ఉపన్యాసానికి కాదుగా. ఆ అతిథి మాట్లాడుతున్నప్పుడు సగం మంది టీకి బయటికొచ్చారు, వాళ్లలో నేనూ ఉన్నాను.

కచేరీలదీ ఇదే వరస. "గానలహరిలో తేలియాడిన శ్రోతలు" అని హెడ్డింగు ఉంటుంది, ఏం పాడారో ఉండదు. మృదంగం ఆయన బాధ ఏంటంటే, ప్రధాన కీర్తన ఏ రాగమో రాయరు, తనికి, అంటే మృదంగం ఒక్కటే వాయించడానికి, ఎంతసేపు వదిలారో రాయరు, పక్కవాద్యాల వాళ్ల పేర్లు ఉంటే ఉంటాయి, లేకపోతే "తదితరులు సహకరించారు". స్కోరు వెయ్యకుండా క్రికెట్ మ్యాచ్ విశేషంగా అలరించింది అని రాస్తే మీ పాఠకులు ఊరుకుంటారా అంటాడు. ఇది ఏ ఊరండీ? త్యాగరాజస్వామి శిష్యపరంపర మానంబుచావడి వెంకటసుబ్బయ్య, సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రి, పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి మీదుగా మంగళంపల్లి బాలమురళీకృష్ణ దాకా నడిచొచ్చిన ఊరు. 1948లో ఇక్కడ రేడియో స్టేషన్ పెట్టాక, తెల్లారితే భక్తిరంజని వినపడని వీధి ఉండేది కాదని మా అమ్మ చెప్పేది. అలాంటి ఊళ్లో కచేరీ వార్తలో రాగం పేరు ఉండదంటే ఏమనాలి?

పోనీ నాటకం గురించి మీరు అసలు రాయరా అంటే, అదీ కాదు. 2022 జనవరిలో చింతామణి నాటకాన్ని ప్రభుత్వం నిషేధించినప్పుడు పేపర్లన్నీ రాశాయి. కాళ్లకూరి నారాయణరావుగారు వేశ్యావ్యామోహం కొంపలు ఎలా ముంచుతుందో చెప్పడానికి రాసిన నాటకంలో సుబ్బిశెట్టి పాత్రని నటులు ఊరూరా ఎలా సాగదీశారో, సొంత బూతులు ఎన్ని కలిపారో అప్పుడు తీరిగ్గా చర్చించారు. బాగుంది. కానీ ఆ సాగదీత దశాబ్దాల తరబడి మన కళ్లముందే నడిచింది కదా, ఏ రోజు ప్రదర్శనకి ఆ రోజు "నిన్న రాత్రి శెట్టి హద్దు మీరాడు, మూలంలో ఈ మాటల్లేవు" అని ఎవరైనా రెండు ముక్కలు రాస్తూ ఉండి ఉంటే సంగతి అక్కడిదాకా వచ్చేదా అని మా మేడంగారి ప్రశ్న. మాస్టారు ఒప్పుకోలేదు, జనం ఈలలేస్తుంటే పేపర్లో రాస్తే ఆగుతారా అన్నారు. నాకైతే మేడం మాటే సబబుగా తోచింది.

రాయడానికి అందులో ఏముంటుంది అని మీ సబ్ ఎడిటర్లు అనుకోవచ్చు. చాలా ఉంటుంది. హరిశ్చంద్ర కాటిసీనే తీసుకోండి. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతంగారిది. కానీ శ్మశానంలో హరిశ్చంద్రుడు ఒంటరిగా నిలబడి పాడే పద్యాలు, జనం ఊపిరి బిగబట్టి వినేవి, జాషువాగారి 'శ్మశానవాటిక' అనే ఖండికలోంచి వచ్చినవి. ఏ నటుడి పుణ్యమో గానీ అవి అక్కడికి చేరి, నాటకంలో భాగమైపోయాయి. డి.వి. సుబ్బారావులాంటి వాళ్ల గొంతులో రికార్డులై, తిరనాళ్ల మైకుసెట్లలో మోగి, బడి మొహం చూడనివాళ్లకి కూడా నోటికొచ్చాయి. గుడి దగ్గర జాషువాని దూరంగా నిలబెట్టిన రోజుల్లోనే స్టేజీ మీద ఆయన పద్యానికి వన్స్ మోర్‌లు పడ్డాయన్నమాట. ఈ సంగతి టీకొట్టు దగ్గర మాస్టారు చెప్తే మా కుర్రాడు తెల్లబోయాడు. "గబ్బిలం టెన్త్ క్లాసులో చదివాం అంకుల్, మరి ఇది ఎవరూ చెప్పలేదేంటి" అన్నాడు. మర్నాడు లెనిన్ సెంటర్ పాతపుస్తకాల షాపుల్లో తిరిగి అట్ట చిరిగిన జాషువా సంపుటం ఒకటి పట్టుకొచ్చాడు. ఎవరో పెన్సిల్‌తో పద్యాల పక్కన ఎక్కడ ఊపిరి తీసుకోవాలో గీతలు పెట్టుకున్నారు అందులో. కచ్చితంగా నటుడిదే అయ్యుంటుందని మృదంగం ఆయన. ఆ పుస్తకం ఇప్పుడు మా అందరి చేతుల్లో తిరుగుతోంది, ఇంకా మేడంగారింట్లోంచి రాలేదు.

ఈ కుర్రాడు మాలో ఎలా కలిశాడో కూడా చెప్పాలి, ఎందుకంటే మీకు పనికొస్తుంది. వాళ్ల నాన్నకి బీపీ మాత్రల కోసం షాపుకొచ్చాడు. నేను బిల్లు రాస్తుంటే కౌంటర్ మీద పడున్న మీ పేపర్లో ఆ బాక్సు చూసి, "అంకుల్, హనుమంతరాయ గ్రంథాలయంలో కన్యాశుల్కం అంట, టిక్కెట్ ఎంత?" అని అడిగాడు. టిక్కెట్టేంటి నాయనా, వచ్చి కూర్చుంటే చాలు, కుర్చీలు ఖాళీగా ఉంటాయి అన్నాను. వచ్చాడు. ఆ తర్వాత వారమంతా మా ప్రాణం తీశాడు, గిరీశం అంత మోసగాడైతే మనకి ఎందుకు నచ్చుతాడు అని ఒకటే నస. 1892లో విజయనగరంలో ఆడిన నాటకం, 1897లో అచ్చై, 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి తిరగరాస్తే ఇప్పుడు మనం చదివేది ఆ రెండోది. అది పూర్తిగా ఆడితే తెల్లారిపోతుంది, అంచేత ప్రతి నాటక సమాజమూ కోసుకునే ఆడుతుంది. ఎవరు ఏ సీను కోశారు, మధురవాణి పాత్రని ఎంత మిగిల్చారు అనేది ప్రతిసారీ కొత్త తగువే. ఆ రోజు ఆడినవాళ్లు పేకాట సీను ఉంచి మిగతా చాలా కోసేశారు, నవ్వులు పుట్టాయి గానీ కథ కుంటింది. ఇలాంటి ఒక్క ముక్క మీ వార్తలో ఉంటే చాలు కదా?

అన్నీ వాట్సాప్‌లో వస్తున్నాయి, పేపరు ఎందుకు అనకండి. వాట్సాప్ ఆహ్వానం ఆ గ్రూపులో ఉన్నవాళ్లకే వస్తుంది, గ్రూపులో ఉన్నది ఎప్పుడూ వచ్చేవాళ్లే. బీపీ మాత్రలకొచ్చిన కుర్రాడికి ఎవరు పంపుతారు?

రిపోర్టర్లని తప్పుపట్టట్లేదు. నాటిక పోటీల రోజున పదింటికి రెండో నాటిక మొదలైతే, పేజీ వెళ్లిపోయే టైముకి వాళ్ల చేతిలో ఉండేది సన్మానం ఫోటోనే. సన్మానాలు ముందు పెట్టి నాటకాన్ని ఆలస్యం చేసేది నిర్వాహకులు. అది వాళ్లకీ చెప్తాం, చెప్తూనే ఉన్నాం, వినట్లేదు. ఆఖరి నాటిక వాళ్లు ఒళ్లంతా మేకప్పుతో తెర వెనక సెట్టు సామాను మీదే కునుకు తీస్తుంటారు, వాళ్ల వంతు వచ్చేసరికి హాల్లో న్యాయనిర్ణేతలూ, వాచ్‌మనూ, మాలాంటి వాళ్లూ మిగులుతాం. అద్దె వ్యాను మాట్లాడుకుని ఏ ఊరి నుంచో వచ్చి, ఆ అర్ధరాత్రి ప్రాణం పెట్టి ఆడి, అదే వ్యానులో తిరిగెళ్లి పొద్దున్నే ఉద్యోగాలకి పోయేవాళ్లు వాళ్లు. వాళ్ల పేరు మర్నాడు కాకపోతే ఆ మర్నాడు వేసినా తప్పులేదు, బాగా ఆడలేదని వేసినా తప్పులేదు. చూసి రాశారని తెలిస్తే చాలు వాళ్లకి.

కాబట్టి అడిగేది ఇది. బాక్సు మళ్లీ మొదలుపెట్టండి. నాటకం వార్త వేసినప్పుడు రాసిందెవరు, ఆడిందెవరు, హార్మోనియం ఎవరు అన్నవి వెయ్యండి, ఎలా ఉందో ఒక్క మాట రాయండి. అందుకు ముఖ్య అతిథుల పేర్లలో రెండు మూడు తగ్గించాల్సొస్తే తగ్గించండి, ఫోన్లు వస్తాయి, మాకు తెలుసు. సమాచారం కావాలంటే మేం పోగుచేసి మధ్యాహ్నం మూడింటికల్లా మీ ఆఫీసుకి పంపుతాం, యూనికోడ్‌లో టైపు చేసి మరీ, ఆ పని కుర్రాడిది.

ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగంగారి జయంతి, తెలుగు నాటకరంగ దినోత్సవం కూడా అదే రోజు. 1880లో రాజమండ్రిలో నాటకం ఆడించిన ఆ మనిషే అంతకుముందు 1874లో వివేకవర్ధని పెట్టిన పత్రికాసంపాదకుడు, మీ వృత్తివాడే. ఈసారి ఆ రోజు సభ వార్తలో కనీసం నాటకంలో ఎవరెవరు ఏ వేషాలు కట్టారో వెయ్యండి. ఏ హాల్లో, ఎన్నింటికి అనేది ముందురోజే వేస్తే ఇంకా మంచిది, షాపు త్వరగా కట్టేసుకుంటాను.

ఇట్లు
మందుల షాపు పాఠకుడు, గాంధీనగర్, విజయవాడ