2023 వార్షిక నివేదిక: ఈ ఏడాది మనం విన్న ఆల్బమ్‌లు

గౌరవ సభ్యులకు నమస్కారం. హనుమకొండలో మన శ్రోతల సంఘం 2023లో జరిపిన కార్యక్రమాల వివరాలను కార్యవర్గం తరఫున ఈ సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. నెలకొకటి చొప్పున పన్నెండు సమావేశాలు జరగవలసి ఉండగా పదకొండే జరిగాయి. జులై చివరి వారపు వర్షాలకు నగరంలోని లోతట్టు కాలనీలు నీట మునగడం, సభ్యుల్లో కొందరి ఇళ్లలోకే నీళ్లు రావడం వల్ల ఆ నెల సమావేశాన్ని రద్దు చేశాం.

ఏడాది మొత్తానికి నచ్చిన ఆల్బమ్‌ను ఎంచుకునే విషయంలో నిరుడు మనం చేసుకున్న తీర్మానాన్ని మొదట గుర్తుచేస్తాను. ఏ ఆల్బమ్‌నైనా మొదటి పాట నుంచి చివరి పాట వరకు, వరుస తప్పకుండా, అందరం ఒకచోట కూర్చుని విన్నాకే ఓటు వేయాలన్నది ఆ తీర్మానం. సినిమా విడుదలకు నెలల ముందు నుంచే ఒక్కో పాటా ఒక్కో లిరికల్ వీడియోగా వస్తుండడంతో, బొమ్మ థియేటర్‌కు వచ్చేసరికి రెండు పాటలు మనకు నోటికి వచ్చి ఉంటాయి, మిగతావి ఉన్నాయన్న సంగతే తెలియదు. జ్యూక్‌బాక్స్ పేరుతో అన్నీ కలిపి పెట్టే రోజుకు వినే ఓపిక ఎవరికీ మిగలదు. ఈ నియమం కొత్త సభ్యులకు చాదస్తంగా తోచిన మాట నిజమే గాని, ఈ ఏడాది ఫలితాన్ని తేల్చింది అదే.

జనవరిలో సంక్రాంతి సినిమాలు ‘వీరసింహారెడ్డి’, ‘వాల్తేరు వీరయ్య’ పాటలు విన్నాం. హుషారుగానే గడిచింది గాని, తెర లేకుండా వింటే చప్పబడే పాటలే ఎక్కువన్న అభిప్రాయానికి దాదాపు అందరూ వచ్చారు. ఫిబ్రవరి 2న కె. విశ్వనాథ్, 4న వాణీ జయరాం కన్నుమూయడంతో ఆ నెల సమావేశం మొత్తం వారి సంస్మరణకే సరిపోయింది. ‘శంకరాభరణం’ 1980లో విడుదలైంది కూడా ఫిబ్రవరి 2నే. ఆ సినిమా పాటలకూ, ‘స్వాతికిరణం’లోని ‘ఆనతినీయరా’కూ వాణీ జయరాం గారికి జాతీయ పురస్కారాలు వచ్చాయి. ఆ రోజు ‘ఆనతినీయరా’ను సభ్యుల కోరికపై రెండుసార్లు వేశాం.

మార్చిలో ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చినప్పుడు ఆ ఆల్బమ్‌ను కూడా పోటీలో చేర్చాలని నాపై గట్టి ఒత్తిడి వచ్చింది. పాట రాసిన చంద్రబోస్ గారిది మన పాత వరంగల్ జిల్లాలోని చల్లగరిగ కాబట్టి ఆ ఉత్సాహాన్ని తప్పుపట్టలేను. అయితే ‘ఆర్ఆర్ఆర్’ 2022 సినిమా. మిఠాయి పంచాం, పోటీలో మాత్రం చేర్చలేదు.

ఏప్రిల్ సమావేశం గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఆ రోజు విన్నది మార్చి 3న విడుదలైన ‘బలగం’ పాటలు. భీమ్స్ సిసిరోలియో సంగీతం, కాసర్ల శ్యామ్ రాసిన ‘ఊరు పల్లెటూరు’తో సభ తేలిగ్గా, నవ్వులతో మొదలైంది. చివరన బుడగ జంగాల కళాకారులు కొమురమ్మ, మొగిలయ్య దంపతులు పాడిన పాట వచ్చేసరికి హాల్లో ఫ్యాన్ చప్పుడు తప్ప మరేదీ వినిపించలేదు. దుగ్గొండికి చెందిన ఆ దంపతులు సినిమాలోనూ కనిపిస్తారు, పోయిన పెద్దమనిషి పదకొండో రోజున ఆ ఇంటి ముంగిట ఆయన కథనే పాడతారు. పాట అయ్యాక, ఆర్టీసీలో పనిచేసి రిటైరైన మన సభ్యుడొకరు లేచి తమ తల్లి దినాల నాటి సంగతి చెప్పారు. ఆ రోజు వచ్చిన జంగాల జంట ముందుగా గడప దగ్గర కూర్చున్న మేనమామను పక్కకు పిలిచి కొడుకుల పేర్లు, కోడళ్ల పేర్లు, ఎవరితో ఎవరికి మాటల్లేవో కూడా అడిగి తెలుసుకున్నారట. పాట మధ్యలో తన పేరు, తాను నాలుగేళ్లుగా పలకరించని తమ్ముడి పేరు ఒకే చరణంలో వినబడేసరికి తల ఎత్తలేకపోయానని ఆయన అన్నారు. ముందుగా రాసుకున్న పాట కాకుండా, ఎదుట ఉన్న ఇంటిని బట్టి అక్కడికక్కడ కట్టే పాట అది. అటువంటిది ఒక సినిమా ఆల్బమ్‌లోకి చెడకుండా రావడం చిన్న విషయం కాదని నా అభిప్రాయం.

మే నెలలో సంతోష్ నారాయణన్ స్వరపరిచిన ‘దసరా’ విన్నాం. ‘చమ్కీల అంగీలేసి’కి ఓట్లు బాగానే పడ్డాయి, ఆల్బమ్ మొత్తానికి పడలేదు. మే 21న సంగీత దర్శకులు రాజ్ కన్నుమూశారు. జూన్ సమావేశంలో ఒక సభ్యుడు దాచుకున్న ‘హలో బ్రదర్’ క్యాసెట్‌ను టేప్ రికార్డర్‌లో రెండు వైపులా వేసి రాజ్-కోటి ద్వయాన్ని స్మరించుకున్నాం. లోపలి అట్టపై ఏ పాట ఎవరు రాశారో, ఎవరు పాడారో చిన్న అక్షరాల్లో అచ్చయి ఉంది. ఇవాళ మనం వినే యాప్‌లలో గీత రచయిత పేరు కోసం వెతుక్కోవాలి, వాద్యకారుల పేర్లయితే దాదాపు ఉండనే ఉండవు. అందుకే ఇకపై ప్రతి సమావేశానికీ ఆ వివరాలు సేకరించి ఒక కాగితంపై రాసి పంచాలని నిర్ణయించాం.

ఆగస్టులో, 6న కన్నుమూసిన గద్దర్‌కు నివాళిగా మొదటి గంట కేటాయించి, ఆ తర్వాత జులైలో వాయిదా పడిన ‘బేబీ’ విన్నాం. విజయ్ బుల్గానిన్ సంగీతంలో అనంత శ్రీరామ్ రాసిన ‘ఓ రెండు ప్రేమ మేఘాలిలా’ను యువ సభ్యులు అప్పటికే కంఠస్థం చేసి వచ్చారు.

హేషమ్ అబ్దుల్ వహాబ్ ఒకే ఏడాది ఇచ్చిన రెండు ఆల్బమ్‌లపై చర్చ మాత్రం వాడిగా సాగింది. సెప్టెంబరులో ‘ఖుషి’ విన్నప్పుడు మెలోడీలు బాగున్నాయని, ఒకదాన్ని మరొకటి పోలి ఉన్నాయని రెండు మాటలూ వచ్చాయి. డిసెంబరులో ‘హాయ్ నాన్న’ విన్నాక ఆ రెండో మాట అన్నవారే వెనక్కి తీసుకున్నారు. అనురాగ్ కులకర్ణి, సితార కృష్ణకుమార్ పాడిన ‘సమయమా’, కాలభైరవ, శక్తిశ్రీ గోపాలన్ పాడిన ‘అమ్మాడి’, హేషమ్ స్వయంగా పాడిన ‘గాజు బొమ్మ’ విడివిడిగా కన్నా కలిపి వింటేనే నిండుగా ఉన్నాయి. ‘గాజు బొమ్మ’ మధ్యలో ఫోన్‌లోని ఉచిత ఖాతా పుణ్యమా అని ఇంటి రుణాల ప్రకటన ఒకటి గట్టిగా మోగడంతో పాటను మళ్లీ మొదటి నుంచి వేయవలసి వచ్చింది. ఆ తప్పు కార్యదర్శిగా నాదే, క్షమించగలరు.

తుది ఓటింగ్‌లో రెండే ఓట్ల తేడాతో ‘హాయ్ నాన్న’ ఈ ఏడాది మన సంఘం మెచ్చిన ఆల్బమ్‌గా ఎంపికైంది, ‘బలగం’ రెండో స్థానంలో నిలిచింది. నేను ‘బలగం’కే ఓటు వేశాను. చివర తిన్నదాని రుచే నోట్లో నిలుస్తుందని, డిసెంబరు ఆల్బమ్‌కు ఆ లాభం దక్కిందని నా అనుమానం. అయినా పాట పాటకూ మధ్య తెగకుండా సాగడాన్ని కొలతగా పెట్టుకున్నది మనమే కాబట్టి ఫలితంపై నాకు అభ్యంతరం లేదు.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా సమర్పిస్తారు. స్పీకర్ మరమ్మతు, హాలు అద్దె మినహా పెద్ద ఖర్చులేమీ లేవు. చందా బకాయి ఉన్నవారు ఈ సమావేశం ముగిసేలోగా చెల్లించగలరు. ఆ మొత్తం నుంచి ప్రకటనలు రాని ఖాతా ఒకటి తీసుకోవడానికి సభ ఆమోదం కోరుతున్నాను. వచ్చే సమావేశంలో ఈ సంక్రాంతికి వచ్చిన ‘గుంటూరు కారం’ వింటాం, పాటల వివరాల కాగితం ఆ రోజు నుంచే మీ చేతికి అందుతుంది.