పసుపు రుద్దితే పోయేది కాదు

సంపాదకులకు,

ఇంటర్ చదివే మా అమ్మాయికి గడ్డం కింద ముదురు వెంట్రుకలు మొలిస్తే రెండేళ్లు పసుపు, సున్నిపిండి రుద్దించాను. నెలసరి మూడు నెలలకోసారి వస్తున్నా పట్టించుకోలేదు, నాదే తప్పు. ఒక పార్లర్‌లో లేజర్ ప్యాకేజీ చెప్పారు గానీ నెలసరి సంగతి అడగనే లేదు. చివరికి డాక్టరమ్మ రక్తపరీక్షలు, స్కానింగ్ చేయించి పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) అని తేల్చారు. మగ హార్మోన్లు పెరిగి ఇలా వస్తాయట. మాత్రల గుణం కనిపించడానికి కనీసం 6 నెలలు పడుతుందని ముందే చెప్పారు కాబట్టి మధ్యలో మానలేదు. లేజర్ కూడా నల్ల వెంట్రుకల మీదే పనిచేస్తుంది, తెల్లవాటి మీద కాదు. షేవ్ చేస్తే ఒత్తుగా వస్తాయన్నది ఉత్తమాటే. మీ మహిళా పేజీలో ఫేస్‌ప్యాక్‌ల పక్కన ఇవీ కాస్త రాయండి.

– ఒక తల్లి, తెనాలి