నా పేరు పక్కన ఖాళీ ఉంచినందుకు

మన 2002 ఎం.ఎస్సీ. బ్యాచ్ వాళ్లందరికీ,

నేను మళ్లీ ఉద్యోగంలో చేరి నిన్నటికి మూడు నెలలు నిండాయి. కథల పుస్తకం ప్రూఫులు కూడా నిన్న సాయంత్రమే చేతికొచ్చాయి. రెండూ ఒకే రోజున కలిసేసరికి ఇక ఆగలేక రాస్తున్నాను. ఫోన్లో ఒక్కొక్కరికీ థాంక్స్ చెప్పాను. కానీ ఎవరు నాకోసం ఏం చేశారో మిగతావాళ్లకి తెలియదు. అందరికీ తెలియాలని నా కోరిక. పేర్లు రాయొద్దని ముగ్గురు గట్టిగా చెప్పారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. చదువుతుంటే మీకే తెలిసిపోతుంది.

ముందుగా మన కబుర్ల సంచిక నడుపుతున్న నీకు. ఏటా డిసెంబరులో ఒక్కొక్కరినీ అడిగి, ఎవరు ఏ ఉద్యోగంలో ఉన్నారు, ఎవరింట్లో పాప పుట్టింది, ఎవరి నాన్నగారు పోయారు, ఎవరు నలభై దాటాక వయొలిన్ మొదలుపెట్టారు, అన్నీ ఒకచోట చేర్చి పంపిస్తావు. అందులో పదకొండేళ్లపాటు నా పేరు పక్కన ఏమీ లేదు. అయినా నా పేరు ఒక్కసారి కూడా తీసెయ్యలేదు నువ్వు. "కబురు రావాల్సి ఉంది" అని రాసి, కింద రెండు లైన్లు ఖాళీగా వదిలేదానివి. ఆ సంచిక వచ్చిన ప్రతిసారీ నేను మొదట చూసింది ఆ ఖాళీనే. తర్వాత అందరివీ చదివేదాన్ని, ఒక్కటీ వదలకుండా. ఫలానావాడు ప్రొఫెసర్ అయ్యాడని, ఫలానా ఆమె సొంతంగా సంస్థ పెట్టిందని చదివి నిజంగానే సంతోషపడేదాన్ని. నా గురించి రాయడానికి కూర్చుంటే మాత్రం చెయ్యి కదిలేది కాదు. ఉద్యోగం మానేశాను, బాబుని చూసుకుంటున్నాను. ఈ రెండు ముక్కలు తప్ప నా దగ్గర కబురే లేదనుకునేదాన్ని.

పోయిన అక్టోబరులో నువ్వు ఫోన్ చేసి అన్న మాట ఇది: "నీ దగ్గర్నుంచి కబురు రాలేదంటే నీకేమీ జరగలేదని కాదు కదా. మనం చదువుకున్నదే ఇది. మర్చిపోయావా, సెన్సార్డ్ డేటా?"

మర్చిపోలేదు. సర్వైవల్ అనాలిసిస్ క్లాసు, అంటే ఒక సంఘటన జరగడానికి ఎంతకాలం పడుతుందో లెక్కకట్టే క్లాసు, నాకు ఇప్పటికీ గుర్తే. ఒక మందు మీద ఐదేళ్ల పరిశోధన జరుగుతుంటే, ఒక రోగి రెండేళ్లు వచ్చి తర్వాత రావడం మానేశాడనుకోండి. ఆ మనిషి చనిపోయాడని లెక్క వేస్తే తప్పు. లెక్కలోంచి తీసేసినా తప్పే. రెండేళ్లవరకు బాగున్నాడన్నది మన దగ్గరున్న నిజం. ఇలా మధ్యలో ఆగిపోయిన సమాచారమే సెన్సార్డ్ డేటా. ఆ నిజాన్ని ఎంతవరకు వాడుకోవచ్చో అంతవరకు వాడుకునే పద్ధతిని కాప్లన్, మయర్ అనే ఇద్దరు 1958లో చూపించారు. ఇద్దరూ విడివిడిగా దాదాపు ఒకే విషయం మీద ఒక పత్రికకి వ్యాసాలు పంపితే, కలిపి ఒకటిగా రాయమన్నారట పత్రికవాళ్లు. వాళ్లు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసుకుని, ఏళ్ల తరబడి కుస్తీపట్టి దాన్ని పూర్తిచేశారని మన మేడమ్ చెప్పినప్పుడు క్లాసంతా నిశ్శబ్దంగా విన్నాం. నువ్వు పదకొండేళ్లు నా విషయంలో చేసింది అదే పని. నన్ను లెక్కలోంచి తీసెయ్యలేదు.

ఆ రాత్రి కూర్చుని రెండు పేజీలు రాశాను. అదే పోయిన డిసెంబరు సంచికలో మీరు చదివింది.

చదవనివాళ్ల కోసం కాస్త చెప్తాను. మా బాబు పుట్టుకతోనే వినలేడు. మాకది తెలిసేసరికి వాడికి తొమ్మిది నెలలు. ఏడాదిన్నర వయసులో కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టించాం. చెవి వెనక పెట్టుకునే భాగం శబ్దాన్ని పట్టి పంపిస్తే, లోపల అమర్చిన సన్నని ఎలక్ట్రోడ్లు వినికిడి నరానికి విద్యుత్ సంకేతాలు అందిస్తాయి. కళ్లజోడు పెట్టుకోగానే అక్షరాలు కనపడినట్టు, ఇంప్లాంట్ ఆన్ చేయగానే మాటలు వినపడవు. ఆ సంకేతాలకి అర్థం ఏమిటో మెదడు రోజూ కొంచెం కొంచెం నేర్చుకోవాలి. ఆన్ చేసిన రోజున పిల్లలు నవ్వే వీడియోలు చాలా చూసి వెళ్లాను. మావాడు భయపడి ఏడ్చి నా భుజంలో ముఖం దాచుకున్నాడు. ఆ రోజునుంచి ఏడేళ్లకి పైగా నా ఉద్యోగం అదే. ప్రొద్దున లేవగానే ఆరు శబ్దాలు: ఆ, ఈ, ఊ, ష్, స్, మ్. డేనియల్ లింగ్ అనే ఆయన ఎంచిన శబ్దాలివి. మాటలోని తక్కువ పౌనఃపున్యం (మందమైన శబ్దం) నుంచి ఎక్కువ పౌనఃపున్యం (సన్నని శబ్దం) దాకా ఈ ఆరింటిలో వచ్చేస్తాయి. పెదాలు చూసి పోల్చుకోకుండా పక్కన కూర్చుని చెప్పాలి. ఎంత దూరం నుంచి ఏది విన్నాడో, ఏది వినలేదో నోట్‌బుక్కులో రాసుకునేదాన్ని. ఆ శబ్దాలు మళ్లీ మళ్లీ వచ్చేలా వాడికోసం చిన్న చిన్న కథలు కూడా కట్టాను. "ష్" అంటూ అందరినీ నిద్రపుచ్చే గాలి, "మ్" తప్ప ఇంకేమీ పలకలేని దూడ, అలాంటివి.

ఇదంతా ఒక కబురని నేను అనుకోలేదు. మీరు అనుకున్నారు.

సంచిక వచ్చిన నాలుగో రోజున మొదటి మెయిల్ వచ్చింది. ల్యాబులో కిటికీ పక్కన కూర్చునేవాడివి నువ్వు. రెండేళ్లలో మనం మాట్లాడుకున్నది పది మాటలు ఉంటాయేమో, అవీ రికార్డు బుక్కు గురించే. క్లినికల్ ట్రయల్స్‌లో స్టాటిస్టికల్ ప్రోగ్రామింగ్ చేస్తున్నానని, నాకు వచ్చిన శాస్ (డేటా లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్) ఇప్పటికీ పనికొస్తుందని, దానికి ఆర్ అనే అలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ తోడైతే చాలా తలుపులు తెరుచుకుంటాయని రాశావు. ఆర్ 1.0.0 విడుదలైంది 2000 ఫిబ్రవరి 29న, అంటే మనం ఎం.ఎస్సీ.లో చేరిన ఏడాదే. అప్పుడు దాని పేరు కూడా మనలో ఎవరికీ తెలియదు. నువ్వు నాలుగు నెలలపాటు ప్రతి ఆదివారం ప్రొద్దున రెండు గంటలు నాకు నేర్పావు. ఒక్క ఆదివారం కూడా మానలేదు, మీ ఇంట్లో పెళ్లి ఉన్న వారం తప్ప. ఆ వారం కూడా ముందురోజు రాత్రే క్లాసు పెట్టావు.

ఆ నాలుగు నెలల్లో ఒక రోజు గురించి ప్రత్యేకంగా రాయాలి. సాధన చేయడానికి నెట్‌లో దొరికే డేటా ఇస్తావనుకుంటే, "నీ నోట్‌బుక్కులు ఉన్నాయి కదా, వాటినే ఎక్కించు" అన్నావు. పదిహేడు నోట్‌బుక్కులు. తేదీ, శబ్దం, దూరం, విన్నాడా లేదా. రాత్రిళ్లు కూర్చుని అన్నీ టైప్ చేశాను. మొదటి గ్రాఫ్ తెర మీదికి వచ్చినప్పుడు నాకు మాట రాలేదు. మొదటి ఎనిమిది నెలలు "స్" దగ్గర అంతా ఖాళీ. తర్వాత ఒక చుక్క, మళ్లీ ఖాళీ, తర్వాత రెండు చుక్కలు, ఆ తర్వాత వరసగా. ఆ ఎనిమిది నెలలూ నేనేమీ సాధించడం లేదని ఏడ్చిన రాత్రులు నాకు గుర్తే. ఆ ఖాళీ పక్కనే చుక్కలు మొదలవ్వడం కూడా అదే గ్రాఫులో ఉంది. అది నాకు చూపించినందుకు నీకెలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. ఇంకో సంగతి కూడా నువ్వే పట్టావు. కొన్ని నెలలకొకసారి "స్", "ష్" మాత్రం పడిపోయి, మళ్లీ ఒక్కసారిగా లేస్తున్నాయి. బాబు చెవి వెనక పెట్టుకునే భాగంలోని మైక్రోఫోన్ కవరు మార్చిన తేదీలు పక్కన పెట్టి చూస్తే సరిగ్గా సరిపోయాయి. కవరు మూసుకుపోతే ముందు తగ్గేది ఆ సన్నని శబ్దాలే. మాకది డాక్టరుగారు చెప్పిన విషయమే, కానీ సొంత డేటాలో చూడటం వేరు. ఇంటర్వ్యూలో నేను చూపించింది ఆ పనే.

ఆ ఇంటర్వ్యూ వరకు నన్ను చేర్చింది మరొకరు. రెజ్యూమెలో పదకొండేళ్ల ఖాళీని ఎలా కప్పిపుచ్చాలా అని నేను టెన్షన్ పడుతుంటే, ఏళ్లుగా మనుషుల్ని ఉద్యోగాల్లోకి తీసుకుంటున్న అనుభవంతో నువ్వు ఒకటే చెప్పావు: కప్పొద్దు, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా ఎందుకు ఆగానో ఒక్క లైన్లో రాసెయ్యి, దాని కింద ఇప్పుడు ఏం వచ్చో రాయి. ఐదుసార్లు దిద్దావు. అంతకుముందు నేను పంపినవాటిల్లో మూడుచోట్ల నుంచి జవాబే లేదు. నువ్వు దిద్దాక పంపిన రెండింటిలో ఒకచోట పిలిచారు. అక్కడే ఇప్పుడు పనిచేస్తున్నాను.

మనలో సోషియాలజీ వైపు వెళ్లిన ఒకే ఒక్కడు ఇదంతా విని, ఆశ్చర్యమేముంది అన్నాడు. గ్రానోవెటర్ అనే సమాజశాస్త్రవేత్త 1973లో అచ్చయిన తన వ్యాసంలో ఇదే చూపించాడట. పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో, ఆ పరిచయస్తుల్ని తరచుగా కలిసేవాళ్లు సుమారు 17 శాతమే. మిగతావాళ్లంతా అప్పుడప్పుడో, అరుదుగానో కలిసేవాళ్లే. దగ్గరివాళ్లకి తెలిసినవి మనకూ తెలిసే ఉంటాయి, దూరపువాళ్లకి తెలిసింది మన దాకా రాదు, అదీ కారణం. నా మటుకు ఇది అక్షరాలా నిజం. నా ప్రాణస్నేహితులకి నా బాధంతా తెలుసు, నాతోపాటు ఏడ్చారు. దారి చూపింది మాత్రం రికార్డు బుక్కు అడిగిన మనిషి.

పుస్తకం సంగతి. బ్యాంకు ఉద్యోగం వదిలి బొమ్మలు గీయడంలోకి వెళ్లావని సంచికలో చదివి, ఎంత ధైర్యం అనుకున్నాను. నువ్వే ఫోన్ చేసి, ఆ దూడ కథ పంపమన్నావు. పంపితే మిగతావీ అడిగావు. పిల్లల బొమ్మల పుస్తకాలు ఎక్కువగా 32 పేజీలే ఎందుకుంటాయో నీవల్లే తెలిసింది. పెద్ద కాగితాన్ని మడిచి కోస్తే ఎనిమిదీ పదహారూ చొప్పున పేజీలు వస్తాయి కాబట్టి అచ్చుకి ఆ లెక్క అనుకూలం. ఆ లెక్కలో ఇమిడేలా నా పదకొండు కథల్లో ఐదు ఉంచాం. నేను నీకు చెప్పింది ఒక్కటే: బొమ్మ ముందే కనపడితే పిల్లవాడు వినడు, చూసి చెప్పేస్తాడు. ముందు చెవికి అందాలి, తర్వాత కంటికి. రెండు రోజులు ఆలోచించి, మాట కుడివైపు పేజీలో, బొమ్మ పేజీ తిప్పాక వచ్చేలా పుస్తకం మొత్తం మళ్లీ గీశావు. గీసినవన్నీ పక్కన పెట్టి మళ్లీ మొదటినుంచి! ఒక తల్లి మాట మీద అంత నమ్మకం పెట్టినందుకు నీ రుణం తీర్చుకోలేను.

ఆ కథల్లో సగం పాత ఫాంటులో టైప్ చేసినవి. కొత్త కంప్యూటర్లో తెరిస్తే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు వచ్చాయి. "అక్కా, ఫైళ్లు ఇటివ్వండి" అని తీసుకుని, మూడు రోజుల్లో అన్నీ యూనికోడ్‌లోకి మార్చి, తప్పిపోయిన వత్తులన్నీ చేత్తో సరిదిద్దిన మన జూనియర్‌కి ప్రత్యేకంగా నమస్కారం.

చివరిది నాకు అన్నింటికంటే పెద్దది. హాస్టల్లో నా పక్క గది నీది. మీ అమ్మాయికి కూడా ఇంప్లాంట్ ఉందని ఇన్నేళ్లూ నాకు తెలియదు. నేను రాయలేదు, నువ్వు రాయలేదు. నా రెండు పేజీలు చదివి ఫోన్లో నువ్వు "నాకు ముందే తెలిస్తే బాగుండేదే" అంటూ ఏడ్చావు, నేనూ ఏడ్చాను. తర్వాత ఇరవైరెండేళ్ల మీ అమ్మాయి మావాడితో వీడియోలో మాట్లాడింది. పదమూడేళ్లొచ్చాక వాడు ప్రాసెసర్ (చెవి వెనక పెట్టుకునే భాగం) కనపడకుండా జుట్టు పెంచుకుంటున్నాడు, స్కూల్లో దాని గురించి ఎవరైనా అడిగితే లేచి వెళ్లిపోతున్నాడు. తను జుట్టంతా పైకి ముడివేసుకుని, తన ప్రాసెసర్ మీద అంటించుకున్న నక్షత్రాల స్టిక్కర్లు చూపించింది. రాత్రి పడుకునేముందు తీసేశాక వచ్చే నిశ్శబ్దం నాకు చాలా ఇష్టం, నీకూ అంతేనా అని అడిగింది. మావాడు కాసేపు ఆగి, "అవునక్కా, నాకూ" అన్నాడు. ఆ ఇష్టం సంగతి పదమూడేళ్లలో నాతో ఒక్కసారీ చెప్పలేదు వాడు. తనతో చెప్పాడు. పోయిన నెల జుట్టు కత్తిరించుకున్నాడు, తనంతట తానే.

ఇంకా, ఏమీ అక్కర్లేదు నేనున్నాను అని ఒక్క లైను రాసినవాళ్లు పద్నాలుగు మంది. ఆ మెయిల్స్ అన్నీ దాచుకున్నాను. మూడేళ్లుగా ఉద్యోగం లేకపోయినా ప్రతి డిసెంబరులో "అంతా బాగుంది" అని రాస్తూ వచ్చానని నాకు మాత్రమే చెప్పిన నీకు: నీ అనుమతి లేకుండా ఇంకేమీ రాయను. ఆదివారం ప్రొద్దున ఇప్పుడు నా రెండు గంటలు ఖాళీగా ఉన్నాయి, అవి నీవే.

సంచిక నడిపే నీకు మళ్లీ ఒక మాట. పోయినసారి ఇంకా ఏడుగురి పేర్ల పక్కన "కబురు రావాల్సి ఉంది" అని ఉంది. అందులో ముగ్గురి నంబర్లు నా దగ్గరున్నాయి. ఈ డిసెంబరుకి ఆ ముగ్గురికీ నేను ఫోన్ చేస్తాను. వాళ్లు రాసినా రాయకపోయినా ఆ రెండు లైన్లు మాత్రం అలాగే ఉంచు.