సూది లేని షుగర్ వాచీలు

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మాయికి టైప్-1 మధుమేహం. గుచ్చి గుచ్చి వేళ్ల కొసలు గట్టిపడిపోయాయి. రక్తం చుక్క కోసం వేలి పక్కలు వెతుక్కోవాలి. అందుకే 'సూది లేకుండా షుగర్ చూపే వాచీ' అని ఎవరు ప్రకటన పంపినా మనసు లాగుతుంది. అయినా కొనను.

ఆక్సిజన్‌ను వేలికి క్లిప్పు పెట్టి చూస్తున్నాం కదా, షుగర్‌కెందుకు కుదరదని బంధువులు అడుగుతారు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది హిమోగ్లోబిన్. ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్, లేని హిమోగ్లోబిన్ ఎరుపు, పరారుణ కాంతిని వేర్వేరుగా పీల్చుకుంటాయి. ఆ తేడా స్పష్టంగా దొరుకుతుంది. గ్లూకోజ్ (రక్తంలోని షుగర్) సంకేతం మరీ బలహీనం. ఒంట్లోని నీరు, కొవ్వు, ప్రొటీన్ల సంకేతాల్లో కలిసిపోతుంది. చర్మం వేడి కాస్త మారినా లెక్క తప్పుతుంది.

చర్మాన్ని గుచ్చకుండా సొంతంగా షుగర్ కొలిచే ఏ వాచీకీ, ఉంగరానికీ అనుమతి ఇవ్వలేదని 2024 ఫిబ్రవరిలో అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. చేతికి అంటించుకునే సెన్సర్ సంగతి వేరు. దాని సన్నని తీగ చర్మం కిందికి దిగి ఉంటుంది.

తప్పుడు అంకె నమ్మి ఇన్సులిన్ ఎక్కువ వేస్తే పిల్లలు స్పృహ తప్పుతారు, ప్రాణం మీదికీ రావచ్చు. ఇలాంటి ప్రకటన వేసేముందు అనుమతి పత్రం అడిగి చూడండని పత్రికలన్నింటినీ వేడుకుంటున్నాను.

- ఒక తల్లి