గోడ మీద చీటీలతో పని అయిపోదు

సంపాదకులకు,

డిజైన్ థింకింగ్ (వాడేవాళ్ల అవసరాల నుంచి మొదలుపెట్టి పరిష్కారం రూపొందించే పద్ధతి) వర్క్‌షాపులు చాలావరకు గోడకు రంగు చీటీలు అంటించడంతోనే ముగుస్తున్నాయి. అసలు పని వాడేవాళ్ల పక్కన కూర్చోవడంతో మొదలవుతుంది. ‘ఈ ఫారం బాగుందా?’ అంటే మొహమాటానికి బాగుందంటారు. ‘పోయినసారి ఎలా నింపారో చూపించండి’ అంటే పెన్ను ఏ గడి దగ్గర ఆగిందో కనబడుతుంది. కొత్తదాని నమూనాను కాగితం మీదే గీయాలి. మరీ నునుపుగా చేస్తే తప్పులెన్నడానికి ఎదుటివాళ్లు జంకుతారు, చింపెయ్యడానికి మనకూ మనసొప్పదు. ఆ నమూనాను వాడించి చూడటానికి విడతకు 5 మంది చాలు. వాడకంలోని చిక్కుల్లో సుమారు 85 శాతం వాళ్ల దగ్గరే బయటపడతాయని వాడుక సౌలభ్య నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో లెక్కగట్టారు. అయితే ఆ ఐదుగురూ ఒకే తరహా వాడకందార్లయి ఉండాలి. దిద్ది, మరో ఐదుగురికి ఇవ్వాలి. నిర్ణయం తీసుకునేవాళ్లు ఈ పరీక్షల్లో కూర్చోకపోతే నివేదిక నేరుగా బీరువాలోకే.

ఇట్లు,
ఒక డిజైనర్